ఊరి ఆడిట్ రిపోర్టు: ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడి నుంచి చదవాలి

గ్రామ పంచాయతీ ఆడిట్ రిపోర్టు చేతికి రాగానే అందరూ వెతికేది ఒక్కటే: ఎవరు ఎంత తిన్నారు? ఆ మాట అందులో అంత తేలిగ్గా దొరకదు. దుర్వినియోగం అని తేల్చి రాసిన పేరాలు (ఆడిట్ ఆక్షేపణలు) తక్కువే ఉంటాయి. వాటికి బదులు 'సంబంధిత రికార్డు ఆడిట్‌కు సమర్పించలేదు' అనే చప్పిడి వాక్యం అడుగడుగునా కనబడుతుంది. చదివేవాళ్లు దాన్ని దాటేసి, లక్షల అంకె ఉన్న పేరా దగ్గర ఆగుతారు. నేనైతే ఆ చప్పిడి వాక్యం దగ్గరే ఆగమంటాను. ఎందుకో కింద చెబుతాను.

నేను రాష్ట్ర ఆడిట్ శాఖలో జూనియర్ ఆడిటర్‌గా చేరి అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగం దాదాపు అంతా పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లోనే. 2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు అయినప్పటి నుంచి చుట్టాల్లో, తెలిసినవాళ్లలో గెలిచినవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. "అత్తమ్మా, పాత సర్పంచ్ పేరాలకు నేను జవాబు చెప్పాల్నా?" అని ఒకరు. "రిపోర్టు నెట్‌లో ఉంటదంట, ఎట్ల తీయాలె?" అని ఇంకొకరు. గెలిచినవాళ్లే కాదు, ఊళ్లో ప్రశ్న అడగాలనుకునే ఎవరికైనా పద్ధతి ఇదే కాబట్టి ఒకేసారి రాసిపెడుతున్నాను.

ముందు ఎవరు ఎవరి లెక్క చూస్తారు?

'ఆడిట్ వాళ్లు వచ్చిన్రు' అని ఊళ్లో అంటే అది మూడు రకాల మనుషుల్లో ఎవరైనా కావచ్చు. ఉపాధి హామీ పనుల మీద ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డులు చూసి, చివర్లో ప్రజావేదిక పెట్టేవాళ్లు సామాజిక తనిఖీ బృందం. ఆ లెక్క వేరు, ఆ రిపోర్టు వేరు. వాళ్ల సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

రెండోది ఏజీ ఆఫీసు, అంటే అకౌంటెంట్ జనరల్ ఆఫీసు. హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్నదే. ప్రభుత్వ ఉద్యోగులకు అది జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) స్లిప్పుల ఆఫీసుగానే తెలుసు కానీ, అసలు అది కాగ్‌కు, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌కు, రాష్ట్రంలో ఉన్న చెయ్యి. 1860లో దేశానికి మొదటి ఆడిటర్ జనరల్ బాధ్యతలు తీసుకున్నప్పటి నుంచి వస్తున్న వ్యవస్థ అది. రాజ్యాంగం 148 నుంచి 151 వరకు అధికరణాల్లో దాని అధికారాలున్నాయి. 1984లో లెక్కలు రాసే విభాగాన్నీ ఆడిట్ చేసే విభాగాన్నీ విడదీశారు. రాష్ట్ర ప్రభుత్వ ఖర్చు, ప్రాజెక్టులు, ప్రభుత్వ సంస్థలు వాళ్ల పరిధి. 2024 నవంబర్ నుంచి కాగ్‌గా ఉన్న కె. సంజయ్ మూర్తిది అమలాపురం కుటుంబం. ఆ వార్త వచ్చినప్పుడు మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో స్వీట్ల ఫొటోలు పెట్టుకున్నాం, మా శాఖ వేరే అయినా సరే.

మూడోది మేము. గ్రామ పంచాయతీలు, మండల పరిషత్తులు, జిల్లా పరిషత్తులు, మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీలు, విశ్వవిద్యాలయాలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు, దేవాదాయ శాఖ కింద ఉన్న గుళ్లు, వీటి లెక్కలు చూసేది ఆర్థిక శాఖ కింద పనిచేసే రాష్ట్ర ఆడిట్ శాఖ. పల్లెల్లో ఇప్పటికీ 'లోకల్ ఫండోళ్లు' అనే అంటారు. ఆ పేరుకో చరిత్ర ఉంది. 1882లో రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి, ఊరి పన్ను ఊరి బోర్డు ఖర్చుపెట్టుకునే రోజులు మొదలయ్యాయి. ఆ డబ్బు సర్కారు ఖజానా డబ్బు కాదు, స్థానిక నిధి. దాని లెక్క చూడటానికి మద్రాసు ప్రెసిడెన్సీలో లోకల్ ఫండ్ అకౌంట్స్ ఎగ్జామినర్ అని ఒక అధికారి ఉండేవాడు. ఆంధ్ర జిల్లాలకు ఆ పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. 1956 తర్వాత రెండు ప్రాంతాలకూ ఒకే శాఖ అయింది. 1989లో రాష్ట్ర ఆడిట్ చట్టం వచ్చాక మా ప్రశ్నకు చట్టం బలం దొరికింది. 2014లో రాష్ట్రంతో పాటు శాఖా రెండైంది. రెండుచోట్లా పని తీరు మాత్రం దాదాపు ఒకటే, కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకూ కింద రాసిందాంట్లో ఎక్కువ భాగం పనికొస్తుంది.

ఏజీ ఆఫీసుకూ మా శాఖకూ సంబంధం లేకపోలేదు. పదకొండో ఆర్థిక సంఘం సిఫారసు తర్వాత స్థానిక సంస్థల ఆడిట్‌కు సాంకేతిక మార్గదర్శనం ఏజీ ఇస్తోంది. అంటే మీ పంచాయతీని చూసేది మేము, మేము సరిగ్గా చూస్తున్నామా అని చూసేది వాళ్లు.

రిపోర్టు తీసుకోవడం

ఇదివరకు రిపోర్టు కాపీ కావాలంటే పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. 2020 ఏప్రిల్‌లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 'ఆడిట్ ఆన్‌లైన్' వెబ్‌సైట్ తెచ్చింది. తెలంగాణలో ఉన్న 12,700 పైచిలుకు పంచాయతీలను మేము మొదటి ఏడాదుల్లోనే అందులోకి ఎక్కించాం. ఆ రోజుల్లో సర్వర్ రాత్రి పదింటి తర్వాతే కదిలేది, పేరాలన్నీ ఇంట్లో కూర్చుని ఎక్కించినవాళ్లం చాలామందిమి.

ఇది ఊరికే జరిగిన మేలు కాదు. పదిహేనో ఆర్థిక సంఘం ఒక షరతు పెట్టింది: ఆడిట్ అయిన లెక్కలు జనం చూసేలా ఆన్‌లైన్‌లో లేకపోతే గ్రాంటు రాదు. మొదట్లో రాష్ట్రంలో నాలుగో వంతు సంస్థలవి ఉంటే చాలన్నారు, 2023-24 నుంచి గ్రాంటు కావాలనుకునే ప్రతి సంస్థదీ ఉండాలన్నారు. అందుకే మీ ఊరిది అక్కడ ఉండే అవకాశం బాగా ఎక్కువ.

గూగుల్‌లో ఆడిట్ ఆన్‌లైన్ అని కొట్టి, చివర 'జీవోవీ డాట్ ఇన్' ఉన్న సైట్ తెరవండి. రిపోర్టులు చూడటానికి లాగిన్ అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం వరుసగా ఎంచుకోవాలి. అందులో మండలాన్ని బ్లాక్ అంటారు. ఊరి పేరు ఇంగ్లిష్‌లో మీరు రాసే స్పెల్లింగ్‌లో ఉండకపోవచ్చు, కంగారు పడకుండా జాబితా మొత్తం కిందిదాకా చూడండి. కొత్తగా ఏర్పడిన పంచాయతీ అయితే పాత సంవత్సరాలకు తల్లి పంచాయతీ పేరు కింద వెతకాలి. ఫోన్‌లో కన్నా కంప్యూటర్‌లో తేలిక.

ఒక్క ఏడాది రిపోర్టు తీసుకుంటే లాభం లేదు. వరుసగా మూడేళ్లవి దించుకోండి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి కొత్త సర్పంచ్‌లు వచ్చేదాకా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది కాబట్టి, పాత సర్పంచ్ చివరి ఏడాదిదీ ప్రత్యేకాధికారి మొదటి ఏడాదిదీ పక్కపక్కన పెట్టుకుంటే చాలా తెలుస్తుంది. పక్కన 'ఈ-గ్రామ్‌స్వరాజ్' సైట్‌లో అదే ఊరి జమాఖర్చులు కూడా తెరిచి ఉంచుకోండి.

నిల్వల పేజీ నుంచి మొదలుపెట్టండి

పేరాల్లోకి దూకొద్దు. ముందు ఆరంభ నిల్వ, జమ, ఖర్చు, ముగింపు నిల్వ ఉన్న పట్టిక చూడండి. కిందటి ఏడాది ముగింపు నిల్వే ఈ ఏడాది ఆరంభ నిల్వ కావాలి. రూపాయి తేడా ఉన్నా ఎందుకో రాసి ఉండాలి. ఆ తర్వాత క్యాష్ బుక్ నిల్వకూ ట్రెజరీ పాస్‌షీట్ నిల్వకూ తేడా ఉందేమో చూడండి.

ఇక్కడ తొందరపడి మాట తూలొద్దు. మన దగ్గర పంచాయతీ చెక్కు రాసినా ట్రెజరీలో నెలల తరబడి పాస్ కాకుండా ఆగిపోవడం ఎవరికి తెలియదు? చెక్కు రాసిన రోజే క్యాష్ బుక్‌లో ఖర్చు పడుతుంది, పాస్‌షీట్‌లో మాత్రం డబ్బు అలాగే కనబడుతుంది. కాబట్టి తేడా ఉండటం తప్పు కాదు. ఆ తేడా ఏ ఏ చెక్కుల వల్ల వచ్చిందో చూపే సమన్వయ పట్టిక లేకపోవడం తప్పు. ఆ పట్టిక ఉందా అని అడిగితే, మీకు లెక్క తెలుసని కార్యదర్శికి అర్థమవుతుంది. తర్వాత మాటలన్నీ వేరేగా ఉంటాయి.

తర్వాత ఆదాయం. జనం ఖర్చు పేరాలే చదువుతారు. ఊరి డబ్బు పోయేది చాలాసార్లు రాబడి వైపు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజు, తైబజారు (సంత రుసుము) వేలం బకాయి, సెల్ టవర్ల ఫీజు. డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అన్న పట్టిక చూడండి. వేలం పాడినవాడు కట్టని బాకీ మూడేళ్ల రిపోర్టుల్లో అదే అంకెతో ఉందంటే, దాని గురించి ఎవరూ నోటీసు కూడా ఇవ్వలేదన్నమాట.

గ్రంథాలయ పన్ను సంగతి ప్రత్యేకంగా చెబుతాను. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కలిపి వసూలు చేస్తారు. రెండు లక్షల ఇంటి పన్ను వసూలైతే 16,000 జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి. నేను చూసిన రిపోర్టుల్లో ఈ పేరా లేనివి అరుదు. 'వసూలు చేశారు, జమ కట్టలేదు.' చిన్న మొత్తమే కదా అని సర్పంచ్‌లు నవ్వుతారు. మీ మండలంలో లైబ్రరీకి పేపర్ రావడం ఎందుకు ఆగిందో ఆ 16,000 లాంటివి కలిపి చూస్తే తెలుస్తుంది.

మినహాయింపుల పేరాలూ ఇదే జాతి. పని బిల్లులో లేబర్ సెస్ ఒక శాతం పట్టుకున్నారు, ఆదాయపన్ను పట్టుకున్నారు, సీనరేజి (ఇసుక, కంకర లాంటి ఖనిజాల మీద రుసుము) పట్టుకున్నారు. పట్టుకున్నది సంబంధిత ఖాతాకు కట్టారా? కట్టకపోతే అది పంచాయతీ డబ్బులా కనబడి వేరే పనికి ఖర్చయిపోతుంది. ఆర్థిక సంఘం గ్రాంటుకు కూడా గీతలుంటాయి: పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి ఇచ్చిన దాంట్లో 60 శాతం నీళ్లకూ పారిశుధ్యానికే, మిగిలింది ఊరి అవసరాలకు, కానీ జీతాలకు కాదు. జీతాలకు వాడితే 'నిధుల మళ్లింపు' అని పేరా పడుతుంది. చాలాసార్లు ఆ మళ్లింపు వెనక దొంగతనం ఉండదు, సఫాయి కార్మికుడికి నెలల తరబడి జీతం లేని పరిస్థితి ఉంటుంది. పేరా పేరాయే, కారణం కూడా చదవాలి.

రికార్డు చూపలేదు అంటే

ఆడిట్ చాలాసార్లు ఊళ్లో జరగదు. బృందం ఎంపీడీవో ఆఫీసులో ఒక గదిలో కూర్చుంటుంది, కార్యదర్శులు సంచుల్లో రికార్డు మోసుకొస్తారు. అనుమానం వస్తే హాఫ్ మార్జిన్ రాస్తాం: కాగితం మధ్యకు మడిచి, ఎడమ పక్క మా ప్రశ్న, కుడి పక్క వాళ్ల జవాబు. ఇప్పుడదీ ఆన్‌లైన్‌లోకి వచ్చింది. పని కొలతలు రాసే పుస్తకం కోసం "ఎం-బుక్ ఏదమ్మా?" అంటే "ఏఈ సార్ దగ్గరున్నది మేడమ్, రేపు తెస్త" అంటారు. ఆ రేపు రాకపోతే 'కొలతల పుస్తకం సమర్పించలేదు' అని పేరా రాసి, ఆ పని బిల్లు మొత్తాన్ని ఆక్షేపణలో పెడతాం.

ఆ పేరాకు రెండు అర్థాలుంటాయి. పుస్తకం నిజంగా ఏఈ, అంటే ఆ పని చూసే ఇంజినీర్, బీరువాలో ఉండొచ్చు. లేదా పుస్తకం చూపిస్తే వచ్చే పేరా కన్నా, చూపకపోతే వచ్చే పేరాయే నయం అని ఎవరో లెక్క వేసుకుని ఉండొచ్చు. ఎక్కువ కొలత రాశారని తేలితే సంతకం పెట్టినవాళ్ల మీదికి వస్తుంది, రికార్డు చూపలేదంటే ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడి ఉంటుంది. అందుకే ఆ చప్పిడి వాక్యం దగ్గర ఆగమన్నాను. మూడేళ్ల రిపోర్టుల్లో ఒకే రకం రికార్డు పదే పదే చూపలేదంటే, మీరు అడగాల్సింది ఆ రికార్డునే.

ఒక డీజిల్ పేరా తీసుకుందాం. అంకెలు నేను వేసినవి, తీరు మాత్రం మా రిపోర్టులదే. 'వోచర్ నం. 14, 22, 31 ద్వారా ట్రాక్టర్ డీజిల్ నిమిత్తం రూ. 46,500 చెల్లించారు. లాగ్ బుక్ ఆడిట్‌కు సమర్పించలేదు. కావున సదరు మొత్తం ఆక్షేపణలో ఉంచడమైనది.' లాగ్ బుక్ అంటే బండి ఏ రోజు ఎన్ని ట్రిప్పులు తిరిగిందో రాసే పుస్తకం. పల్లె ప్రగతి పథకం కింద తెలంగాణలో ఊరూరికీ ట్రాక్టర్ వచ్చాక ఇది మాకు బాగా అలవాటైన పేరా.

మీరు చేయాల్సింది ఆ మూడు వోచర్ల కాపీలు తీసుకోవడం. బంకు బిల్లు మీద బండి నంబర్ ఉందా? ఒకే రోజు 90 లీటర్లు పోయించినట్టుంటే ట్యాంకులో అంత పడుతుందా, లేక డ్రమ్ములో పట్టారా? డ్రమ్ములో పడితే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి. అదే వారంలో ట్రాక్టర్ షెడ్డులో ఉందని రిపేరు వోచర్ ఉందేమో చూడండి. ఆ ఒక్క పోలిక చాలాసార్లు అన్ని ప్రశ్నలకన్నా బాగా పనిచేస్తుంది. తర్వాత లాగ్ బుక్ తెచ్చి ముందు పెడితే, రాతను చూడండి. రోజూ రాసిన పుస్తకంలో ఇంకు మారుతుంది, చేతిరాత మారుతుంది, ఒక పేజీకి మట్టి మరక, ఒక పేజీకి నూనె మరక ఉంటాయి, వాన రోజు ట్రిప్పులు తగ్గుతాయి. ఒకేసారి కూర్చుని రాసిన పుస్తకంలో జనవరి నుంచి డిసెంబర్ దాకా అదే పెన్ను, ఆదివారం కూడా మూడు ట్రిప్పులు, పండగ రోజు కూడా మూడు ట్రిప్పులు.

సీసీ రోడ్డయితే ఇంకా తేలిక. ఎం-బుక్ కాపీ తీసుకుని, టేపు పట్టుకుని వెళ్లండి. పొడవు, వెడల్పు మీరే కొలవొచ్చు. మందం రోడ్డు అంచు దగ్గరో, నల్లా పైపు కోసం తవ్వినచోటో కనబడుతుంది.

పేరా తర్వాత కథ

పేరా పడటంతో పని అయిపోదు. పంచాయతీ జవాబు ఇవ్వాలి, ఆధారం చూపాలి, సరిపోతే పేరా డ్రాప్ అవుతుంది. సరిపోకపోతే పెండింగ్‌లో ఉంటుంది. చట్టవిరుద్ధమైన చెల్లింపు అనో, నిర్లక్ష్యం వల్ల నష్టం అనో తేలితే, ఆ డబ్బు సంబంధించినవాళ్ల నుంచి రాబట్టడానికి సర్‌ఛార్జి వేసే అధికారం 1989 చట్టంలో ఉంది.

అందువల్ల కొత్త సర్పంచ్‌లు అడిగే ప్రశ్నకు జవాబు ఇది: ఆఫీసు మారదు కాబట్టి పాత పేరాలకు జవాబు పంపాల్సింది ఇప్పటి పంచాయతీయే, డబ్బు కట్టాల్సి వస్తే మాత్రం అప్పుడు సంతకం పెట్టినవాళ్లు కట్టాలి. తెలంగాణలో చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉంటుంది కనుక, "నాకేం సంబంధం" అని ఉపసర్పంచ్ అనలేడు. ఛార్జి తీసుకున్నప్పుడు ఏ రిజిస్టర్లు, ఏ పుస్తకాలు చేతికి వచ్చాయో జాబితా రాయించుకుని సంతకాలు పెట్టించుకున్నారా? లేకపోతే ఈ వారంలోనే కార్యదర్శితో కూర్చుని చేయించుకోండి. ఎం-బుక్కులు ఎవరి దగ్గరున్నాయో అందులోనే రాయండి. రేపు లేని పుస్తకానికి మీరు జవాబు చెప్పాల్సి వస్తే ఆ జాబితాయే దిక్కు.

సర్పంచ్ కానివాళ్లు సమాచార హక్కు కింద అడగాలి. గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. 'మా పంచాయతీ ఆడిట్ వివరాలు ఇవ్వండి' అని రాస్తే 'ఆన్‌లైన్‌లో ఉన్నాయి చూసుకోండి' అని ఒక లైను వస్తుంది. కాబట్టి ఇలా రాయండి: 'ఫలానా సంవత్సరం ఆడిట్ రిపోర్టులో ఫలానా నంబర్ పేరాకు పంచాయతీ పంపిన జవాబు నకలు, దానికి జత చేసిన ఆధారాల నకళ్లు, పేరా ప్రస్తుత స్థితి.' పేరాకో దరఖాస్తు పెట్టినా పరవాలేదు. నకళ్లకు పేజీల లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి, రికార్డు పెద్దదైతే ముందు తనిఖీ అడగండి. మొదటి గంట ఉచితం, వెళ్లి చూసి, కావాల్సిన పేజీలే తీసుకోవచ్చు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్.

గ్రామసభలో అడిగేటప్పుడు కూడా ఇదే తీరు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. అక్కడ నిలబడి 'దొంగలు' అంటే గొడవ అవుతుంది, మినిట్స్‌లో ఏమీ ఎక్కదు. 'పేరా నంబర్ ఇంత, లాగ్ బుక్ ఎప్పుడు చూపిస్తారు, తేదీ రాయండి' అంటే మినిట్స్‌లో ఎక్కించక తప్పదు. వచ్చే ఏడాది ఆడిట్‌కు వచ్చే మావాళ్లు ఆ మినిట్స్ పుస్తకం చదువుతారు. ఊరే అడిగిన ప్రశ్న కనబడితే ఏ ఆడిటరూ దాన్ని వదలడు.

రాష్ట్రం లెక్క చూడాలంటే

ఊరి రిపోర్టు చదవడం వచ్చాక కాగ్ రిపోర్టు అంత భయపెట్టదు. అవి కాగ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా ఉంటాయి. గవర్నర్‌కు ఇచ్చి, శాసనసభ ముందు పెట్టాకే బయటికి వస్తాయి. తరచూ సమావేశాల చివరి రోజున పెడతారు, మర్నాడు పేపర్లో ఒక రోజు హడావిడి, అంతే. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ సభలో పెట్టిన కాళేశ్వరం రిపోర్టు మాత్రం చాలా రోజులు నలిగింది. ప్రాజెక్టు ఖర్చు అంచనా 81,911 కోట్ల నుంచి 1,47,427 కోట్లు దాటేలా ఉందని, పెట్టే రూపాయికి వచ్చే లాభం 1.51 రూపాయలని చూపిన చోట 0.52 మాత్రమే తేలుతోందని అందులో రాశారు. పేపర్లలో ఆ రెండు అంకెలే వచ్చాయి. ఆ అంకెలు ఎలా తేలాయో, ఏ ఖర్చును లెక్కలోకి తీసుకోలేదన్నారో లోపలి పేజీల్లో ఉంటుంది.

అక్కడ కూడా ముందుమాట, సారాంశం చదివి ఆగొద్దు. ప్రతి ఆక్షేపణ కింద ప్రభుత్వం ఇచ్చిన జవాబు, ఆ జవాబును ఆడిట్ ఎందుకు ఒప్పుకోలేదో రెండు మూడు వాక్యాల్లో ఉంటాయి. అచ్చం మా హాఫ్ మార్జిన్ లాగే. 'శాఖ జవాబు ఇవ్వలేదు' అని ఉన్నచోట గుర్తు పెట్టుకోండి. ఆపైన చివరి అనుబంధాలకు వెళ్లండి. పథకాల మీద రిపోర్టయితే జిల్లాలవారీ పట్టికలు, తనిఖీకి ఎంచుకున్న మండలాల పేర్లు అక్కడే ఉంటాయి, మీ మండలం ఉందేమో చూసుకోవచ్చు.